రోజుకో గంట కరెంటు

“దడే కదా, పోటు కాదుగా” అన్నాడు భర్త. “కాలర్ దగ్గర ఇంకోసారి రుద్దు, ముడతలున్నాయి.”

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మంచం అంచున కూర్చుని గుండె మీద చెయ్యి వేసుకుంది. లోపల ఎవరో మెట్లు దిగుతూ మధ్యలో ఒక మెట్టు మర్చిపోయినట్టుంది. కాసేపటికి లేచి కాలర్ రుద్దింది. ఆయన ఫిజిక్స్ లెక్చరరు. తన చొక్కాలు ఏ అరలో ఉంటాయన్నది తప్ప ఆయనకు తెలియని విషయమంటూ లేదు. పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. “మా రోజుల్లో మాకు గుండె ఉందనే తెలిసేది కాదమ్మా” అంది. ఆ మాట మాత్రం ఆమె వెంటనే నమ్మింది.

ఆమె ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆఫీసులో, ఫోను దగ్గర. క్లెయిము రాలేదని జనం తిట్టే తిట్లన్నీ ముందు ఆమె చెవిలోనే పడతాయి. ఒకరోజు దడ వచ్చి మాట ఆగిపోతే మేనేజరు దగ్గరికొచ్చి, “గొంతులో నవ్వు వినిపించాలమ్మా” అని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆమె ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళింది. గుండె డాక్టరమ్మ ఛాతీకి గుండె లయను నమోదు చేసే పట్టీ ఒకటి అంటించి పంపి, వారం పోయాక చూసి, లయ తప్పుతోందని తేల్చింది. మందులతో పాటు కొత్త చికిత్స ఒకటి పరీక్షిస్తున్నామనీ, ఇష్టమైతే చేరవచ్చనీ అంది. చెవికి క్లిప్పు పెట్టి సన్నగా కరెంటు పంపిస్తారు. ఆమె ఇంట్లో ఆ మాట చెప్పగానే రెండోసారికి భర్త కూడా వచ్చాడు. భార్య గుండె కోసం కాదు, కరెంటు కోసం.

“చెవి దగ్గర ఒక నరం ఉంటుంది. దానికి గుండెతో సంబంధం” అంది డాక్టరమ్మ. “దాన్ని మెల్లగా కదిలిస్తే గుండె నెమ్మదిస్తుందని మా ఆలోచన. కొందరికి ఆ నరం ఉన్నచోట పెడతాం, పోల్చి చూడటానికి కొందరికి లేనిచోట. ఎవరికి ఎక్కడ పెట్టామో చివర్లోనే చెప్తాం. రోజుకో గంట. ఆ గంటలో లేవకూడదు, మాట్లాడకూడదు.”

ఆమె అంతా విని సరేనంది. భర్త మొదటి సగమే విన్నాడు. మిగతాది ఆయనకు ముందే తెలుసు కాబట్టి వినాల్సిన పని పడలేదు.

ఇంటికొచ్చి ఆయన తల్లిదండ్రులను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. కాగితం మీద చెవి గీశాడు, అది అప్పడంలా వచ్చింది. కరెంటు నడుస్తున్నప్పుడు మధ్యలో ఆపితే గుండె గందరగోళంలో పడుతుందన్నాడు. డాక్టరమ్మ అలాంటి మాట అననే లేదు. కానీ ఆయన చెప్పాక అది ఆ ఇంట్లో శాసనమైంది. ఇన్నేళ్ళుగా ఒంట్లో బాగాలేదని ఆమె చెప్తే కదలని మనుషులు ప్లగ్గు పెట్టిన డబ్బాకి దాసోహమన్నారు. మామగారైతే ఆమె పక్కనుంచి వెళ్ళాలంటే షాకు కొడుతుందని రబ్బరు చెప్పులేసుకుని వెళ్ళేవాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆమె కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చెవి తమ్మెకు క్లిప్పు పెట్టుకునేది. సన్నగా చిమచిమలాడేది. మొదట్లో ఆ గంట ఆమెకు గండంలా ఉండేది. పొయ్యి మీద ఏముందో, నానబెట్టిన బట్టలు ఎవరు తీస్తారో అని ప్రాణం కొట్టుకునేది. తర్వాత్తర్వాత అలా కూర్చునే ఇంటిని చూడటం మొదలుపెట్టింది. తువ్వాలు ఎక్కడుందని అరవబోయి, గుర్తొచ్చి నోరు మూసుకుని, తన తువ్వాలు తనే వెతుక్కునే మామగారిని చూసింది. తీగ మీద తన కళ్ళెదురుగానే ఉన్నది కనపడక ఆయన బీరువా అంతా కెలికాడు. టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ మోగించి, ఆ మోతకైనా కోడలు లేస్తుందేమోనని తొంగిచూసే అత్తగారిని చూసింది. ఇంటికొచ్చిన తోటి లెక్చరర్లకు దూరం నుంచే భార్య చెవి చూపించి, నరం ఎటునుంచి ఎటు పోతుందో వివరించే భర్తను చూసింది. “నా మాట విని చేరింది కాబట్టి సరిపోయింది” అంటున్నాడు ఆయన. పిల్లలు లేరని తనను చూసి జాలిపడేవాళ్ళకు ఆ ఇంట్లో ముగ్గురున్నారని తెలియదు కదా అనుకుంది. ఇన్నేళ్ళూ వీళ్ళకా తను భయపడింది? చారులో ఉప్పు తక్కువైందని ఆయన కంచం నెట్టేస్తే రాత్రంతా ఏడ్చింది ఈ మనిషి కోసమేనా? కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. కోపం రావాలంటే ఎదుటివాళ్ళకు ఎంతో కొంత విలువ ఇవ్వాలి. ఆమెకు వచ్చింది చులకన. అది చాలా హాయిగా ఉంది.

పరీక్ష ముగిశాక ఇద్దరూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. భర్త బహుమతి అందుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

“దడ చాలావరకు తగ్గింది. పట్టీలో స్పష్టంగా కనపడుతోంది” అంది డాక్టరమ్మ.

“నేను ముందే చెప్పాను కదండీ. ఆ నరం...”

“మీ ఆవిడకి పెట్టింది చెవి తమ్మెకండీ. అక్కడ ఆ నరం లేదు.”

అప్పడంలాంటి ఆ చెవి బొమ్మను ఆయన ఎంతమందికి గీసి చూపించాడో ఆమెకు గుర్తొచ్చింది. ఆయన డాక్టరమ్మను ఏమీ అనలేక భార్య వైపు తిరిగాడు.

“అంటే ఇన్నాళ్ళూ ఊరికే కూర్చున్నావా?”

“ఆవిడ నటించలేదండీ” అంది డాక్టరమ్మ. “అప్పటి దడా నిజమే, ఇప్పుడు తగ్గిందీ నిజమే. ఇంకో మాట. ఇలా నరం లేనిచోట పెట్టినవాళ్ళకి ఇప్పుడు అసలు చికిత్స ఇస్తాం. కొత్త మెషిన్ వచ్చింది, నడుముకి కట్టుకోవచ్చు. కూర్చోనక్కర్లేదు, పని చేసుకుంటూనే పెట్టుకోవచ్చు.”

భర్త ముఖం విప్పారింది. “అదిచ్చేయండి. ఇంట్లో అమ్మకీ ఇబ్బందిగా ఉంది, సాయంత్రం పనంతా ఆగిపోతోంది” అన్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని ఒక క్షణం చూసి, ఆమె వైపు తిరిగింది. “ఆ గంటలో మీరేం చేసేవారమ్మా? మందులకే ఇంత తగ్గదు, మాకు అర్థం కావట్లేదు, అందుకే అడుగుతున్నా.”

“ఏమీ చేయలేదండీ. ఆ గంటసేపు నన్నెవరూ పిలవలేదు.”

“ఇదేం సమాధానం” అని నవ్వాడు భర్త. తోడు నవ్వమన్నట్టు డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ నవ్వలేదు.

ఆమె బ్యాగు ఒళ్ళోకి తీసుకుని నిటారుగా కూర్చుంది.

“ఆ కొత్త మెషిన్ నాకొద్దండీ. పట్టీ మాత్రం ఇంకొకటి అంటించి పంపండి. మా ఆఫీసు దగ్గర గది ఒకటి మాట్లాడుకున్నాను, రేపే చేరుతున్నా. ఒక్క గంట ఎవరూ పిలవకపోతేనే ఇంత తగ్గింది కదా, రోజంతా పిలవకపోతే ఎంత తగ్గుతుందో చూద్దాం.”