క్లైడ్ లాక్కున్న గుడ్డ

ఇరవై రెండేళ్ళు కారు అద్దాలు డబ్బాల్లో సర్దాను. ఓ సోమవారం వెళ్ళేసరికి నా చోట ఒక రోబో చెయ్యి నిలబడి ఉంది. దానికి కాఫీ అక్కర్లేదు, మోకాళ్ళ నొప్పుల్లేవు. మేనేజరు బావమరిది పేరే దానికీ పెట్టాం, క్లైడ్ అని. అతగాడూ అలాగే మా నెత్తిన వచ్చి కూర్చున్నాడు మరి.

నాలుగేళ్ళకి క్లైడ్ పాతబడింది. మా కెంటకీ ఫ్యాక్టరీవాళ్ళది ఎంత పెద్ద మనసో! దాన్ని ఊళ్ళోని కమ్యూనిటీ కాలేజీకి దానం చేసి ఫొటో దిగారు. నన్నెవరూ దానం చెయ్యలేదు, నేనే ఫీజు కట్టి చేరాను. యాభై మూడేళ్ళకి మెకట్రానిక్స్, అదే, రోబోల మరమ్మతు చదువు! నన్ను ఇంటికి పంపినదానికే వైద్యం చెయ్యడం నేర్చుకోవాలి. ఏం రాత!

ఇవాళ ఆఖరి ప్రాక్టికల్. పాసైతే అదే ఫ్యాక్టరీలో మరమ్మతుల ఉద్యోగం నాది. లేకపోతే ఇంకొకరిది.

"నలభై నిమిషాలండీ, వెర్నా గారూ," అన్నాడు మా మాస్టారు డ్వేన్. నా కొడుకు వయసువాడు. "క్లైడ్ ఎందుకు ఆగిందో కనిపెట్టి నడిపించాలి."

"నలభై దేనికి నాయనా? దీని వేషాలు నాకు తెలియవా?"

మిగతావాళ్ళయితే లాప్‌టాప్ తెరిచి దాని జాతకం చూసేవాళ్ళు. నేను వంగి చూశాను. అద్దం వచ్చిందో లేదో చూసే సెన్సర్ మీద దుమ్ము పేరుకుంది. ఫ్యాక్టరీలో పాత మెషీన్ల దగ్గర మేమంతా చేసినట్టే, కంచెలో డబ్బాలు బయటికొచ్చే సందులోంచి చెయ్యి దూర్చి గుడ్డతో తుడిచాను.

సెన్సర్‌కి అద్దం కనబడింది. క్లైడ్ అందుకోసమే కాచుక్కూర్చుంది. గిర్రున తిరిగి, అద్దంతో పాటు నా చేతిలో గుడ్డనీ లాక్కుని డబ్బాలో బుద్ధిగా సర్దింది.

"అమ్మబాబోయ్!" వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. అయిదూ ఉన్నాయి.

డ్వేన్ పరుగున వచ్చి ఎర్ర బటన్ నొక్కాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మూడు నిమిషాల్లో నడిపించానా లేదా?" అన్నాను.

"మీ తాళం ఏదండీ?"

మొదటి రోజే ఇచ్చిన ఎర్ర తాళం అది. మెషీను ముట్టుకునే ముందు కరెంటు ఆపి, స్విచ్చికి ఎవరి తాళం వాళ్ళు వెయ్యాలి. వేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ తియ్యకూడదు. నాది నా నడుముకే వేలాడుతోంది, నా ఫొటో ఉన్న చీటీతో సహా. ఫొటోలో నవ్వుతున్నాను కూడా.

"ఇరవై రెండేళ్ళు ఇలాగే చెయ్యి పెట్టాం నాయనా!"

"అప్పుడు లోపల క్లైడ్ లేదు కదండీ. మీ చెయ్యి దొరికినా ఇంత చక్కగానే సర్దేది. ఫెయిల్ చేస్తున్నాను."

ఏడుపొచ్చింది. కోపం క్లైడ్ మీద కాదు, నా మీదే. మొదటిసారి ఉద్యోగం అది లాక్కుంది. ఈసారి నేనే దాని చేతిలో పెట్టాను.

"నా గుడ్డ నాకిచ్చెయ్యి, పోతాను."

"మీరే తీసుకోండి."

చెయ్యి సగం సందులోకి పోయాక ఆగాను. వెనక్కి తీసుకున్నాను. స్విచ్చి దించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. స్టార్ట్ బటన్ నొక్కి చూస్తే క్లైడ్ కదల్లేదు. అప్పుడు గుడ్డ తీసుకున్నాను.

డ్వేన్ అంతా చూశాడు. "మార్కులు మారవండీ. మళ్ళీ పరీక్ష ఆగస్టులో."

"వస్తాలే. ఇదిగో, తాళం దానికే ఉంచి వెళ్తున్నా. ఇవాళ్టికి దాన్ని కూడా నాలాగే పని లేకుండా కూర్చోనీ."