మన బియ్యం లేని హోటల్

మా పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయని మా ఆయన ప్రభాకర్‌కు గుర్తు చేసింది నేనే. 2012 మే నెల అది. గుర్తు చేసి ఊరుకోలేదు, షరతు కూడా పెట్టాను.

"ఆ దినం బయటికి పోయి తిందాం. మంచి హోటల్ కావాలె. కానీ మన బియ్యం కొనే హోటల్ కావొద్దు. ఆడ కూసున్నంక మీ నోట్లకెల్లి బియ్యం అన్న మాట రావొద్దు. వచ్చిందా, సగం తిండిల లేసొస్త" అన్నాను.

ఆయన పేపరు పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు. "గంత కోపమెందుకే, అరుంధతీ?"

కోపం రాక ఏం చేస్తుంది? మాకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. నేను కాపురానికి వచ్చిన వారం నుంచి నా వంటింట్లోకి శాంపిల్ పొట్లాలు రావడం మొదలైంది. ఏ ధాన్యం కొత్తగా ఆడించినా, బస్తాలకెత్తే ముందు సోలెడు బియ్యం ఇంటికొస్తాయి. వండి చూడాలి. ముద్ద కడుతోందా, పొడిపొడిగా విడుతోందా, చల్లారాక గట్టిపడుతోందా? ఈయన నా ఎదురుగా కూర్చుని "ఎట్లున్నది?" అంటాడు. నేను చెబుతాను. వెంటనే మిల్లుకు ఫోన్ చేస్తాడు. అంతే సంగతి. గుత్తి వంకాయ చేసినా నాటుకోడి చేసినా ఆయన కంటికి ఆనేది అన్నమొక్కటే. కూర బాగుందని ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. ఈ ఇంట్లో నేను భార్యనా, మిల్లులో కాంటానా అని ఎన్నోసార్లు ఏడ్చాను. నా విలువేమిటో ఆ ఒక్క పూటలో తేల్చుకోవాలనుకున్నాను.

మాట పట్టుకున్నాడు, అది మాత్రం చెప్పుకోవాలి. మా ఊళ్లో హోటళ్ల సంగతి అడగనక్కర్లేదు. మా బియ్యం కాకపోతే మా పాలోళ్ల, అంటే దాయాదుల మిల్లు బియ్యం. సూర్యాపేటలో హోటలున్న పిచ్చయ్య కొత్తగా ఏసీ హాలు కట్టించాడని విని అక్కడికి వెళ్లాడు. పిచ్చయ్య గుమ్మంలోనే ఎదురొచ్చి, గుప్పెడు బియ్యం ఆయన అరచేతిలో పోసి, "సేఠూ, ఈపారి నూక ఎక్కువున్నది, జర సూడు" అన్నాడట. మర్నాడు కోదాడ వెళ్లాడు. హైవే మీద అద్దాల హోటల్ వాళ్లు గుర్తుపట్టి, వద్దన్నా టీ పోసి, "పాత బియ్యం ఎప్పుడు పంపిస్తారండీ?" అని పట్టుకున్నారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"సూర్యాపేట ఖతం, కోదాడ ఖతం. యాడికి పోయినా మన బస్తానే కండ్ల వడ్తున్నది. పరేషాన్ చేసినవ్ గదనే."

"పేరు సంపాయించిండ్రు గద, అనుభవించుండ్రి" అన్నాను పెడసరంగా. లోపల మాత్రం ముచ్చటేసింది. సొంతానికి చొక్కా గుడ్డ కొనుక్కోవడానికి కూడా మిల్లు వదిలి కదలని మనిషి, నా ఒక్క పూట తిండి కోసం రెండు ఊళ్లు తిరిగాడు.

చివరికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి రచనకు ఫోన్ చేశాడు. అది ఇంటర్నెట్‌లో వెతికి, బంజారాహిల్స్‌లో ఒక థాయ్ రెస్టారెంట్ ఉందనీ, చాలా గొప్పగా ఉంటుందనీ, మీరిద్దరే వెళ్లి రండనీ చెప్పింది. కూతురి మాట ఈయనకు చాలలేదు. నంబరు తీసుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నా ముందే వాళ్లనడిగాడు.

"అమ్మా, మీ తాన బియ్యం ఏ మిల్లుయి?"

అవతలి అమ్మాయికి ఆ ప్రశ్న కొత్తగా ఉన్నట్టుంది. లోపలెవరినో అడిగి, "థాయ్‌లాండ్ నుంచే తెప్పిస్తామండీ" అంది.

ఫోన్ పెట్టేసి మీసం దువ్వుకున్నాడు. "సముద్రం మీదికెల్లి వస్తయట. మన మిల్లుకు సుట్టం గూడ కాదు. ఇగ ఫికర్ లేదు, టేబుల్ పెట్టుమన్న!"

పెళ్లి రోజున మధ్యాహ్నమే కారులో బయలుదేరాం. నేను గద్వాల చీర కట్టుకున్నాను, ఆయన ఇస్త్రీ నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. ఏడింటికి రెస్టారెంట్ చేరాం. ఏం చెప్పను దాని అందం! లోపలికి వెళ్లే దారికి రెండు వైపులా నీళ్లు, నీళ్లలో కలువలు. ప్రతి టేబుల్ మీదా ఒక తామర మొగ్గ, దాని రేకులు ఒక్కొక్కటే లోపలికి మడిచి పెట్టారు. ఎవరు మడిచారో గానీ ఆ వేళ్లకు దండం పెట్టాలనిపించింది. ఎక్కడా గిన్నెల మోత లేదు, కేకలు లేవు. వడ్డించేవాళ్లు మన వెనక ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్లారో తెలియదు.

మా టేబుల్ చూసుకునే కెప్టెన్ పేరు దావీదు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. మెనూ చదివి మేం తికమక పడుతుంటే ఆయనే అన్నీ విడమరిచి చెప్పి, ఏం బాగుంటాయో తానే తెప్పించాడు. ముందు పచ్చి బొప్పాయి తురుము వచ్చింది. పల్లీలు, మిరపకాయ, నిమ్మరసం వేసి దంచారు. మన పెరట్లో కాకులు పొడిచి పారేసే కాయకు ఇంత రుచి ఉందా అని నోరు వెళ్లబెట్టాను. తర్వాత కొబ్బరి పాలతో పచ్చిమిర్చి పులుసు, నిమ్మగడ్డి వాసనతో చేప. క్యారెట్‌ను గులాబీ పువ్వులా చెక్కి పళ్లెం అంచున పెట్టారు. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తినాల్నా, సూడాల్నా?" అని నన్నడిగాడు. ఎన్నాళ్లకో ఇద్దరం కలిసి నవ్వుకున్నాం.

"మంచిగున్నయే. మస్తున్నయ్" అన్నాడు పులుసు రుచి చూసి. కూర బాగుందనడం ఆ నోటికి వచ్చునన్నమాట! నాకు సంతోషమూ వేసింది, ఒళ్లూ మండింది.

అప్పుడు మూత పెట్టిన గిన్నెలో అన్నం వచ్చింది. మూత తీయగానే కమ్మటి వాసన. నేను చెంచా పక్కన పెట్టి, అలవాటు కొద్దీ వేళ్లతో నాలుగు మెతుకులు తీసుకుని నలిపి చూశాను. అంటుకున్నాయి. నోట్లో వేసుకున్నాను. మెత్తగా, జిగురుగా ఉన్నాయి.

"ఇవి కొత్త బియ్యం!" అన్నాను పైకే. "వడ్లు కోసి మూడు నెలలు గూడ కాలే. గింత పెద్ద హోటల్ పెట్టి కొత్తన్నం పెడ్తరా? ఏమనుకుంటున్నరు మమ్ముల?"

పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పారు. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. మా ఆయన పెదాలు బిగబట్టి, రెండు చేతులూ టేబుల్ కింద పెట్టుకుని, పైకప్పు వైపు చూస్తున్నాడు. భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

దావీదు వచ్చి, విషయం విని, ఆయన వైపు తిరిగాడు. "సార్, మీరు కూడా ఒకసారి చూసి చెబుతారా?"

"నన్నడుగకు బాబూ" అన్నాడు మా ఆయన. "మాది రైస్ మిల్లు. కానీ బియ్యం సంగతి ఆమెదే. ఆమె తిని మంచిగున్నయ్ అంటెనే మా తాన బస్తా కుడతరు. ఇరవై అయిదేండ్ల సంది గదే రివాజు. నేను ఉత్తగ సంతకం పెట్టెటోన్ని."

వింటున్నది నేనేనా అనిపించింది. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు.

దావీదు నాకు చేతులు జోడించాడు. "అమ్మా, మీరు పట్టింది నిజమే, ఇది జిగురు బియ్యమే. అయితే కొత్తవని కాదు, ఈ రకమే అంత. ఈ పులుసు నీళ్లలా ఉంటుంది కదా, పొడన్నమైతే కిందికి జారిపోతుంది. ఒకసారి కలిపి చూడండి" అన్నాడు.

కలిపి చూశాను. నిజమే. ప్రతి మెతుకూ పులుసును పట్టుకుని నోటిదాకా తెచ్చింది. పాతికేళ్లుగా నేను లోపమని తీసిపారేసిన గుణం మీద ఒక దేశం వాళ్లు ఇంత మంచి వంట కట్టుకున్నారు. "తప్పు నాదే అన్నా, అన్నం బ్రహ్మాండంగ ఉన్నది" అని నిండు మనసుతో ఒప్పుకున్నాను. దావీదు నవ్వి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం ముద్ద దిగలేదు. నా నాలుక మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషికి నేనొకసారి ద్రోహం చేశాను. ఇక దాచలేకపోయాను.

"మీకొక మాట చెప్పాలె" అన్నాను. "పదిహేడేండ్ల కింద, మా తమ్ముని నిశ్చితార్థానికి మీరు రాలే. మిల్లుల పనున్నదన్నరు. యాదికున్నదా? నేను ఒక్కదాన్నే పోయి, అందరి ముంగట తల దించుకుని వచ్చిన. ఆ రాత్రి త్రిపురారంకెల్లి వచ్చిన వడ్ల శాంపిల్ వండిన."

"యాదికున్నది."

"ఎట్లున్నదని అడిగిండ్రు. పశువులు గూడ తినయన్న. మీరు పోయి అర్జెంటని ఆపారి ముందే లారీకెక్కిచ్చిన సరుకంతా దింపిచ్చి, మన మిల్లు పేరు లేని బస్తాలల్ల అగ్గువకు అమ్మేసిండ్రు. అబద్ధం చెప్పిన. ఆ బియ్యం మంచియే. కోపంతోని అన్న."

ఆయన చేప ముల్లు తీసి పళ్లెం పక్కన పెట్టాడు. "తెలుసు" అన్నాడు.

"తెలుసా!"

"నేను గూడ తిన్న గదనే ఆ అన్నం. పువ్వు లెక్కుండె."

"మరి లారీ ఎందుకు దింపిచ్చిండ్రు? నన్ను నాలుగు తిట్లు తిట్టకపోయిండ్రా?"

"తప్పు నాదే గద. ఆ దినం నేను రావాల్సుండె." ఆయన నా వైపు చూశాడు. "ఇగ లారీ అంటవా, ఒక్కపారి నీ మాట దాటి పంపిననుకో, తెల్లారి నీ ముంగట కూసొని ఎట్లున్నదని ఏ మొఖంతోని అడగాలె?"

చుట్టూ అంతమంది పెద్దమనుషులున్నారని కూడా చూడకుండా, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. ఆయన కంగారుపడి గిన్నెలో ఉన్న అన్నమంతా నా పళ్లెంలోకి తోసి, దాని మీద పులుసు పోసి, చెంచా నా చేతికిచ్చాడు.