ఏడు గళ్ళ డబ్బా

ఆ మెడికల్ కాలేజీలో బుధవారం మధ్యాహ్నం రెండింటి క్లాసుని సర్జరీ ప్రొఫెసరు "ఊపిరి పీల్చే క్లాసు" అని ఎద్దేవా చేసేవాడు. కోతలూ కుట్లూ నేర్పాల్సినచోట నిద్ర గురించీ నడక గురించీ మనసులోని దిగుళ్ళ గురించీ పాఠాలేమిటని ఆయన గోల. టైంటేబుల్లో మాత్రం దాని పేరు "సమగ్ర వైద్యం, స్వస్థత" అని ఘనంగానే ఉండేది. ఆ రెండు మాటలు అక్కడ చేర్పించడానికి ఫిజియాలజీ ప్రొఫెసరమ్మ మూడేళ్ళు కమిటీల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. తీరా వాళ్ళిచ్చిన గది అనాటమీ ల్యాబు పక్కది. కిటికీ తెరిస్తే శవాలు నిలవుంచే ఫార్మలిన్ వాసన, మూస్తే ఉక్కపోత. స్వస్థత నేర్పడానికి అంతకంటే దివ్యమైన చోటు వాళ్ళకి దొరకలేదు కాబోలు.

ఆమె అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఆ వాసనలోనే నిలబడి పాఠం చెప్పింది. మొదటి పాఠం ఏటా ఒకటే. రోగి మీరు రాసిచ్చిన మందులొక్కటే వాడతాడనుకోకండి, చుట్టాలు చెప్పిన పొడీ, పక్కింటివాళ్ళు చెప్పిన కషాయమూ, ఫోన్లో చూసిన ఆసనమూ అన్నీ కానిస్తాడు, మీకు మాత్రం చెప్పడు, చెప్తే మీరు కసురుతారని అతనికి తెలుసు. "అడగండి. అడిగాక నోరు మూసుకుని వినండి. వినడం చేతకానివాళ్ళు ఈ వృత్తికి పనికిరారు," అనేది. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా పలికేది. ఉంటే తప్పేముంది, అంత కష్టపడి తెచ్చుకున్న క్లాసాయె.

ఆ ఏడాది కొత్తగా ఇంటిపని ఒకటి పెట్టింది. ఆసుపత్రి గడప బయట ఎవరో ఒకరిని పట్టుకోవాలి. డాక్టరుకి చెప్పకుండా వాళ్ళు చేస్తున్నదేమిటో కూపీ లాగి రాసుకురావాలి. పేర్లు మాత్రం రాయకూడదు. రెండు వారాలు గడువిచ్చింది.

గడువు తీరిన బుధవారం వంతులవారీగా చదువుతున్నారు. ఒకడు తన మంగలి గురించీ, ఇంకొకతె హాస్టలు వంటావిడ గురించీ చదివారు. తర్వాత వెనక బెంచీ అమ్మాయి లేచింది. ఆ పిల్ల ఏం మాట్లాడినా చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినబడదు. తోటివాళ్ళు గుసగుస అని పేరు పెట్టారు.

"గట్టిగా చదవమ్మా," అంది ప్రొఫెసరమ్మ.

"అరవై మూడేళ్ళ మనిషి, మేడమ్. పార్కులో పరిచయం. రిటైరైన టీచరు. ఆరేళ్ళుగా బీపీ ఉంది. పోయినేడు చిన్న పక్షవాతం వచ్చి మూతి వంకరపోయింది, వారంలో సర్దుకుంది, అప్పుడే మాత్రలు పెంచారు. ఇంట్లోనే డాక్టరుంది, ఆయన భార్య. ప్రతి ఆదివారం ఆవిడ వారానికి సరిపడా మాత్రలు ఏడు గళ్ళ డబ్బాలో సర్దిపెడుతుంది. ఈయన రోజూ పొద్దున్నే ఆ రోజు గడి ఖాళీ చేసి, మాత్రలు కాగితంలో పొట్లం కట్టి, పార్కు చెత్తబుట్టలో పడేస్తాడు. సాయంత్రం ఆవిడ ఖాళీ గడి చూసి సంతోషిస్తుంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస."

క్లాసంతా గొల్లున నవ్వింది. ప్రొఫెసరమ్మ కూడా నవ్వింది. పైగా, "పాపం ఆ భార్య, ఏం డాక్టరో ఏమో," అని ఓ చురక కూడా అంటించింది. లోకంలో ఏడు గళ్ళ డబ్బాలు లక్ష ఉంటాయి. బీపీ ఉన్న రిటైరైన టీచర్లు అంతకంటే ఎక్కువే ఉంటారు. అనుమానమనేది ఆమె దరిదాపుల్లోకి రాలేదు.

"ఆ మాత్రలు ఎలా ఉంటాయో ఆయనే నా పుస్తకంలో వేసిచ్చారు, మేడమ్," అని గుసగుస పేజీ తిప్పి చూపించింది.

పెన్సిలు బొమ్మ. మూత తెరిచిన డబ్బా, అందులో గుండ్రటి మాత్ర ఒకటి, కోలగా ఉన్నది ఒకటి, సగానికి విరిచినది ఒకటి. నీడంతా సన్నసన్న గీతలతో ఎడమచేతివాటంగా పడింది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె ఇంటి గోడల మీదా, కరెంటు బిల్లుల వెనకా, కూతురి నోటుపుస్తకాల అట్టల మీదా ఆ గీతలే. ఆమె మొగుడు డ్రాయింగు మాస్టారు. చెయ్యి ఎడమది. బొమ్మ ఆయనది.

కిటికీలోంచి వాసన గుప్పున కొట్టింది. అయినా ఆ పూట క్లాసు ఆపలేదు చూశారా, ఆ పంతం ఆమెది.

"మాత్రలెందుకు మానేశాడట?"

"వేసుకుంటే తల మొద్దుబారి, చెయ్యి బరువెక్కి, గీత సరిగ్గా రావడం లేదట. ఇప్పుడేదో వేరు పొడి తేనెలో కలుపుకుంటున్నారు. రెండు పూటలా శ్వాస వ్యాయామం కూడా చేస్తున్నారట."

"భార్యకెందుకు చెప్పలేదట?"

గుసగుస పేజీలో వెతికి చదివింది. "ఆవిడ మనిషి మాట వినదు, రిపోర్టు మాట వింటుందన్నారు, మేడమ్."

మళ్ళీ నవ్వులు. "బాగా విన్నావు. పుస్తకం ఇచ్చి వెళ్ళు, దిద్దాలి," అంది ప్రొఫెసరమ్మ. మిగతా ఇరవై నిమిషాలూ ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

ఇంటికెళ్ళేసరికి మాస్టారు వరండాలో కూర్చుని బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కుకుంటున్నాడు. ఆమె కాళ్ళు కూడా కడుక్కోలేదు. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన చూశాడు. బ్లేడు పక్కన పెట్టాడు.

"ఆ పిల్ల పేరు రాయనంది," అన్నాడు.

"రాయలేదు. మీ చెయ్యే పట్టించింది."

బీపీ మిషను తెచ్చి ఆయన చేతికి పట్టీ చుట్టింది. ఆయన అడ్డు చెప్పలేదు. పైది నూట ఎనభై నాలుగు, కిందది నూట పది. అది చూసేసరికి భయమూ కోపమూ రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"ఈసారి వస్తే మూతి దగ్గర ఆగదు. మంచాన పడతారు, లేదా పోతారు. తెలుసా మీకు? రోజూ సాయంత్రం ఆ ఖాళీ గడి చూసి మురిసిపోయాను. ఎనిమిది నెలలు నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించారు."

"నీకు చెప్పాను. మూడుసార్లు చెప్పాను. చెయ్యి బరువుగా ఉందన్నాను. అలవాటవుతుందిలే అన్నావు. రెండోసారి చెప్తే బీపీ చూసి, బ్రహ్మాండంగా ఉంది కదా అన్నావు. మూడోసారి నువ్వు ఫోన్లో ఉన్నావు, చెయ్యూపావు."

ఆమె ఎంత తవ్వుకున్నా ఒక్కటీ గుర్తు రాలేదు.

"వినలేదే అనుకోండి. నిలదియ్యాలి, తిట్టాలి. మోసం చెయ్యడమేమిటి?"

"నువ్వు నేర్పే శ్వాసే చేస్తున్నాను. నీ క్లాసు వీడియో చూసే నేర్చుకున్నాను."

"అందులో మాత్రలు మానెయ్యమని ఎక్కడ చెప్పాను? వాటితోపాటు చెయ్యమనే కదా అరిచి చచ్చేది."

ఆయన తల దించుకుని పెన్సిలు పొట్టు ఓ పక్కకి తోశాడు. ఆ దించడంలో ఏదో అనుమానం తట్టి ఆమె అడిగింది.

"అమ్మాయికి తెలుసా?"

"తెలుసు."

"అల్లుడికి?"

"పొడి తెచ్చిపెట్టేది అతనే."

ఆమె అక్కడే గట్టు మీద కూలబడింది. పోయిన నెల కూతురింట్లో నలుగురూ కలిసి భోంచేశారు. అన్నం తినగానే "మావయ్యగారూ, మాత్రలు వేసుకున్నారా" అని అల్లుడు అడిగాడు. ఆహా, ఎంత బాధ్యతో అని ఆమె పొంగిపోయింది. ఆ ముగ్గురూ బల్ల కింద కాళ్ళు తొక్కుకుని నవ్వుకున్నారో ఏమో. ఫోను చేసి నిలదీస్తే కూతురు, "నీకు చెప్తే ఇల్లు పీకి పందిరేస్తావు కదమ్మా," అంది. ఆమె ఇంకేమీ అనకుండా పెట్టేసింది. ఇంటిల్లిపాదీ ఒక్కటై తనొక్కదాన్నీ బయట నిలబెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను ఒకప్పుడు ఆమె శిష్యుడే. లేచి నిలబడి, కుర్చీ జరిపి, మాస్టారి వైపు తిరిగి, "ఇబ్బంది ఎప్పట్నుంచండీ?" అన్నాడు.

"మాత్రలు పెంచినప్పట్నుంచి, తొమ్మిది నెలలు," అంది ఆమె.

"తల తిరుగుతుందా?"

"తిరగదు, మొద్దుబారుతుందట."

"నిద్ర ఎలా ఉంది?"

"బాగానే పడుతుంది," అంది.

మాస్టారు ఆమె వైపు చూడలేదు. డాక్టరుతో నెమ్మదిగా, "బాబూ, ఈవిణ్ణి కాసేపు బయట కూర్చోమనండి," అన్నాడు.

డాక్టరు ముఖం ఎర్రబడింది. గురువుని బయటికి పొమ్మనడానికి అతనికి నోరు రాలేదు. ఆమే లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, మిగతా రోగుల మధ్య బెంచీ మీద కూర్చుంది. ఎవరో ముసలాయన, "మీ నంబరెంతమ్మా?" అని అడిగాడు. నాకు నంబరు లేదంది.

అరగంట పట్టింది. మాటలు తెలియలేదుగానీ తలుపు మసక అద్దంలోంచి మాస్టారి గొంతు వినబడుతూనే ఉంది. ఆగకుండా, తడుముకోకుండా చెప్పుకుపోతున్నాడు. మధ్యలో ఒకసారి పకపకా నవ్వాడు కూడా. అంతసేపు తనతో ఎప్పుడు మాట్లాడాడో ఆమెకి తట్టలేదు. మాత్ర మారుస్తారు, వేసుకుంటాడు, బతుకుతాడు. ఆమెకి కావలసిందీ అదే. సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. తాను తప్ప ఎవరడిగినా చెప్పేవాడన్నమాట.

తలుపు తెరుచుకుంది. మాస్టారు చీటీ పట్టుకుని వచ్చాడు. ముఖం తేటగా ఉంది.

"మాత్ర మార్చాడు. ఇది మానకుండా వేసుకుంటానని మాటిచ్చాను," అన్నాడు.

"ఏదీ, ఏం మాత్ర?" అని ఆమె చెయ్యి చాచింది.

ఆయన చీటీని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

"నీకు క్లాసుకి ఆలస్యమవుతుంది, వెళ్ళు. నేను కొనుక్కుంటాను," అని మందుల కౌంటరు వైపు నడిచాడు.

ఆమె చాచిన చేత్తో భుజానున్న బ్యాగు పట్టీ సర్దుకుంది.