ముప్పై కౌంటు రొయ్య

ఆదివారం పొద్దున రొయ్యలు ఒలుస్తూ ఎం.ఏ.లో చేరడానికి ఏమేం కావాలో చదువుకున్నాను. ఫోనును పసుపు డబ్బాకు ఆనించి, పేజీ కదపాల్సి వచ్చినప్పుడల్లా మోచేత్తో నెట్టాను. అభ్యసన శాస్త్రాలు, సాంకేతికత. రెండేళ్లు. శని, ఆదివారాలు ఆన్‌లైన్ పాఠాలు, ఒక సెమిస్టరు బడిలో పిల్లల మధ్య చేసే పని, చివర ప్రాజెక్టు. డిగ్రీ ఉంది, తొమ్మిదేళ్ల టీచరుద్యోగం ఉంది. మిగిలినవి రెండే. అభ్యర్థి స్వయంగా తయారుచేసిన ఒక పాఠం, అది ఎక్కడ తప్పిందో చెప్పే పేజీతో సహా. ఆ పాఠం అభ్యర్థిదేనని ప్రధానోపాధ్యాయుడి లేఖ. గడువు రేపు సాయంత్రం.

'స్వయంగా' దగ్గర నా చేయి ఆగింది. మా బడి ప్రధానోపాధ్యాయుడు మాల్యాద్రి నా మొగుడే.

"శని ఆదివారాలు నువ్వు ఫోను ముందర కూర్చుంటే వంటెవురు చేస్తారమ్మా?" అంది మా అత్త పెంచలమ్మ, విషయం చెప్పగానే. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ లెక్కలో ఆదివారమంటే ఇంకో కూర ఎక్కువ వండే రోజు.

పంపాలనుకున్న పాఠం అచ్చంగా నాదే. మైపాడు దగ్గర మా నాన్న రొయ్యల గుంట గట్టు మీద పెరిగినదాన్ని. నాలుగో వంతు కన్నా ఎనిమిదో వంతే పెద్దదని, ఎనిమిది పెద్దంకె కదా టీచర్ అని ఐదో తరగతి పిల్లలు నాతో వాదిస్తుంటే కౌంటు గుర్తొచ్చింది. కిలోకి ముప్పై రొయ్యలు తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది. గుంటల మీద తిరిగే ప్రతి పిల్లకూ ఇది తెలుసు, తెలియంది దీన్నే భిన్నమంటారని. తరగతికి త్రాసు తీసుకెళ్లాను, బొమ్మలు గీశాను, నాలుగు నిమిషాల వీడియోకి ప్రతి మాటా నేనే రాశాను. "గొంతు నాది పెడదాంలేమే, ఆడోళ్ల గొంతు ఫోన్లో కీచుగా వస్తాది" అన్నాడు ఆయన. ఆయనది ఆత్మకూరు వైపు మెట్ట, రొయ్యను పళ్లెంలో తప్ప చూడలేదు. చదువుతూ చదువుతూ నేను రాసింది తప్పనుకుని ఒక వాక్యం దిద్దాడు. వంద కౌంటు రొయ్య పెద్దదని గంభీరంగా చెప్పేశాడు.

నెల్లూరులో ఉపాధ్యాయుల సమావేశంలో ఆ వీడియో చూసి ఆయనకు శాలువా కప్పారు. అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. మా తరగతిలో ఆయనే ఆ వీడియో వేసి చూపించినప్పుడు జబీనా మాత్రం పకపకా నవ్వింది. "సార్, రొయ్యలమ్మే వాళ్ల కాడ ఆ మాట అనబాకండి, ముప్పై రేటుకి మీకు వంద అంటగడతారు" అంది. ఇంటికొచ్చాక ఆయన నన్నడిగాడు, "ముందే చెప్పుండాల్సింది కదా నువ్వు?" అని. శాలువా ఆయన భుజానికి, తప్పు నా నెత్తికి. ఆ రాత్రి కూడా ఆయన చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మంటగా ఉంది.

ఆ పాఠం నాదేనని లేఖ ఇమ్మని భోజనాల దగ్గర అడిగాను. "ఇంట్లో ఎవురి పేరైతే ఏందిమే? వేరే పాఠం పెట్టుకో" అన్నాడు కంచంలోంచి తలెత్తకుండా. "లేఖదేముంది, రాసుకురా, సంతకం పెట్టేస్తా."

మా ఇంటి పద్ధతి అది. బడి నివేదికలు, పై ఆఫీసుకి ఉత్తరాలు, శాలువా కప్పించుకున్న నాటి ధన్యవాద ప్రసంగం, అన్నీ నేను రాస్తాను. ఆయన చదవకుండా సంతకం పెడతాడు. పెళ్లైన కొత్తలో దాన్ని నా మీద నమ్మకమనుకుని మురిసిపోయాను.

వేరే పాఠాలూ ఉన్నాయి. కానీ ఎక్కడ తప్పిందో రాయమన్నారు, అది నాకు ఈ పాఠంలో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. తెలిసిన మనిషి గొంతు తీసేసి తెలియని మనిషి గొంతు పెట్టడం వల్ల తప్పిందని ఆ పేజీ మొదలుపెట్టాను. అరగంటలో పూర్తయింది. తర్వాత లేఖ. 'ఈ పాఠాన్ని రూపొందించినది ఉషారాణి. వీడియోలో గొంతు మాత్రమే నాది. అందులోని తప్పు నేను చేసిన మార్పు వల్ల వచ్చినది.'

మామూలుగా కింద వేలు పెట్టి చూపిస్తే చాలు, సంతకం పడిపోతుంది. అంత సులువని తెలిసీ ఆగాను. నాది నేను దొంగచాటుగా తెచ్చుకోవడమేమిటి? చదివాక పెట్టనంటే ఈ ఏడు సీటు పోతుంది. పోనీ. వచ్చే ఏడు ఇదే పాఠం, నా గొంతుతో పంపుతాను.

సాయంత్రం ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే పెన్ను కోసం చేయి చాపాడు.

"ఏడ పెట్టాల?"

ఆ చేతిలో పెన్ను పెట్టలేదు. కళ్లజోడు పెట్టాను.

"ముందు చదవండి" అన్నాను.