అత్తయ్య వెనకాలే వచ్చిన బల్ల

మొదటి ఆదివారం ఆరాధన మధ్యలో లేచి ఇంటికి వస్తున్న మా అత్తయ్య వెనకాలే చర్చిలోని బల్ల కూడా వస్తోంది. ప్రభువు భోజనానికి నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల అది. లారీలకు దారి ఇస్తూ, రోడ్డుకు ఎడమ పక్కనే నడిచి, మా గేటు ముందు ఆగుతుంది. పైన కప్పిన తెల్లగుడ్డ చెదరలేదు. చిన్న గ్లాసుల్లో రసం ఒలకలేదు.

పోయిన నెల వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి ధైర్యం చేసినట్టుంది.

"అది మళ్ళా వచ్చిందా?" అత్తయ్య వెనక్కి తిరక్కుండానే అడుగుతుంది.

"వచ్చిందత్తయ్యా. ఎండలో నిలబడింది."

"నిలబడనీ. తలుపెయ్యి."

మా అత్తయ్య పేరు తబితమ్మ. పేటలో ఆవిడ నోటికి భయపడనివాళ్ళు లేరు. ఆవిడ మాత్రం దేవుడికి భయపడుతుంది. మావయ్య పోయిన దగ్గర్నుంచీ ఆ బల్ల మీది రొట్టె ముట్టలేదు. పాస్టరు అయ్యగారు తెల్లగుడ్డ తీయబోయేసరికి చెప్పులేసుకుని బయట ఉంటుంది.

ఎందుకో నాకు తెలుసు. కారణం మా వంటింట్లో ఉట్టి మీద ఉంది. మంచాన పడ్డ మావయ్యకి ఏళ్ళ తరబడి జావ పట్టి, ఒళ్ళు తుడిచి, పక్కలు మార్చి, ఒక తెల్లవారుజామున అత్తయ్య ప్రార్థన చేసింది. ఈయన్ని తీసుకుపో ప్రభువా, ఇంక నావల్ల కాదు అంది. కాఫీ కాగేలోపల ఆయన పోయాడు. అత్తయ్య ఆ ప్రార్థనని కుండలో వేసి, మూతపెట్టి, ఉట్టి ఎక్కించింది.

అది ఏటికేడు బరువెక్కుతోంది. దూలం వంగిపోయింది. మేం వంటింట్లో నడుములు వంచుకునే తిరుగుతాం. అప్పుడప్పుడు కుండలోంచి దగ్గు వినిపిస్తుంది. అత్తయ్య చేస్తున్న పని ఆపి, దగ్గు తెరిపిచ్చేదాకా నిలబడి, మళ్ళీ కూర కలుపుకుంటుంది.

"క్షమించమని అడగరాదా అత్తయ్యా?" అంటాను తలుపేసి వచ్చి.

"రోజూ అడుగుతూనే ఉన్నా. ఇచ్చాడు కూడా. తీసుకోటమే నాకు చేతకావట్లా."

"అంత భయమెందుకు?"

"విన్నాడు గదే! అడిగిందే తడవుగా విన్నాడు. అట్టా వినేవాడంటే భయం ఉండదా?"

కిటికీలోంచి చూస్తే బల్ల ఇంకా అక్కడే ఉంది. ఇంటికొచ్చినవాళ్ళకు కాళ్ళకు నీళ్ళివ్వకపోవడం ఎక్కడి మర్యాద? చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి దాని నాలుగు కాళ్ళూ కడుగుతాను. ఒకటి కడగ్గానే ఇంకోటి ఎత్తి ఇస్తుంది. చెక్క వెచ్చగా ఉంది. నాకు దాని మీద జాలి కలుగుతుంది. కొంగుతో తుడిచి లోపలికి రమ్మంటాను. అది తడి అడుగులు వేసుకుంటూ వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడుతుంది.

పీట మీద కూర్చున్న అత్తయ్య నన్ను తిట్టబోయి, బల్లని చూసి తల మీద కొంగు సర్దుకుంటుంది.

అంతలో అయ్యగారు ప్రభుదాసుగారు తాడు పట్టుకుని వస్తారు. "మా బల్ల ఇటేమన్నా వచ్చిందా అమ్మా?" అని తప్పిపోయిన గేదెని అడిగినట్టు అడుగుతారు. తాడు కట్టి లాగుతారు. బల్ల చచ్చి గీపెట్టినా కదలదు. చెమట తుడుచుకుని, ఉట్టికేసి చూసి, అత్తయ్యతో మెత్తగా అంటారు.

"ఆ ప్రార్థన పాపం కాదు తబితమ్మా. అలసట. అంతే."

అత్తయ్యకి కోపం వస్తుంది. "అలసటైతే నిద్రపోతే పోయేది. అది పాపం కాదంటే ఇంక ఆయన క్షమించేదేముందండీ? నా పాపాన్ని చిన్నది చెయ్యబాకండి అయ్యగారూ."

అయ్యగారు "నిజమేనమ్మా," అంటారు. తాడు విప్పుకుని, వెళ్ళి వసారాలో కూర్చుంటారు.

ఇప్పుడు అత్తయ్య, బల్ల ఎదురెదురుగా ఉన్నారు. అత్తయ్య నేల చూపులు చూస్తూ దానితో మాట్లాడుతుంది. "మోకరించందే ఎట్టా తీసుకునేది? నా మోకాళ్ళు అరిగిపోయినై. వంగవు. పో, ఇంక పో."

బల్ల వింటుంది. ముందు కాళ్ళు మెల్లగా మడుస్తుంది. తర్వాత వెనక కాళ్ళు. గ్లాసులు ఒకదానికొకటి తగలవు. దాని అంచు అత్తయ్య ఒడికి సరిగ్గా అందేదాకా వంగి, అక్కడ ఆగుతుంది.

"అయ్యో అయ్యో! నువ్వు వంగటమేంది? లెయ్యి, లెయ్యి!"

బల్ల లేవదు. దాని కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"మీరు తింటేగానీ లేవదత్తయ్యా," అంటాను.

"కాళ్ళు నొప్పి పుడతయ్యే దానికి," అని అత్తయ్య తెల్లగుడ్డ పక్కకి లాగి, గబగబా రొట్టె ముక్క తీసుకుంటుంది. ఏడుస్తూ తింటుంది. ఆవిడ ఏడవటం నేనెప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపొస్తుంది. బల్ల లేచి నిలబడుతుంది.

"తబితా, నాకో ముక్క," కుండ అడుగుతుంది. మావయ్య గొంతే.

కుండ దించబోతూ బరువుంటుందని కాళ్ళు తన్నిపెడతాను. తేలిగ్గా చేతిలోకి వచ్చేస్తుంది. అత్తయ్య మూత తీస్తుంది. లోపల చీకటి, అడుగు కనిపించదు. ఆయన గట్టివి నమల్లేడని, రొట్టెని రసంలో నానబెట్టి, జావ పట్టినంత నెమ్మదిగా లోపలికి వదులుతుంది. నమిలే చప్పుడు వినిపిస్తుంది.

"నా మీద కోపమా?" అత్తయ్య కుండలోకి వంగి అడుగుతుంది.

"ఇంకో ముక్క," అంటుంది కుండ.

అత్తయ్య పకపకా నవ్వుతుంది. "చూశావటే, తినేటప్పుడు ఎప్పుడూ ఇంతే చప్పుడు!"

నెత్తిమీద దూలం నిట్టూర్చి తిన్నగా అవుతుంది. మేం నడుములు చాపి నిలబడతాం. దూలం అక్కడితో ఆగదు. ఇంకా పైకి, పైపైకి పోతుంది. దాని కిందికి ఒక మబ్బు వచ్చి, మా వంటింట్లో వాన మొదలవుతుంది.

"బల్ల తడుస్తుందే!" అంటుంది అత్తయ్య.

దేవుడి ముందు ఆవిడ తల మీది కొంగు జారటం నేనెన్నడూ ఎరగను. ఇప్పుడు తనే దాన్ని తీసి బల్లకి కప్పుతుంది. అంచులు కిందికి లాగి, పసిబిడ్డకి సర్దినట్టు సర్దుతుంది. తెల్లజుట్టు మీదుగా వాన కారుతోంది. కొంగు కింద బల్ల వణుకు తగ్గి, కాసేపటికి సన్నగా గురక పెడుతుంది. అయ్యగారు గుమ్మంలోకి వచ్చి ఏదో అనబోతారు. అత్తయ్య పెదాల మీద వేలు పెట్టుకుని, లేపొద్దని మా ఇద్దరికీ సైగ చేస్తుంది.