మనోళ్ల చుక్కలు

బెంగళూరు దగ్గర యలహంక పాతపేటలో సుబ్బలక్ష్మమ్మ పొద్దున్నే వాకిట్లో బియ్యప్పిండి ముగ్గేసి, పైగదిలో అద్దెకుండే అంబికకు రవ్వ ఉప్పిట్టు గిన్నె మెట్లమీద పెట్టేది. గది కోసం వచ్చిన రోజున ఆ పిల్ల మాటల్లో "ఉండాది", "వచ్చినాను" అనడం విని, ఇంకేం, మనోళ్లే అనుకుంది ముసలామె. కులం అడగనే లేదు. అంబికా చెప్పలేదు. చెప్పి చెప్పి అప్పటికే ఎన్నో గుమ్మాలు దిగి వచ్చింది మరి.

అంబిక పరిశోధనంతా కంప్యూటర్లోనే. తెరమీద రంగురంగుల చుక్కల్ని వదిలి, తిండికి కరువు పెట్టి, ఏది దేనికి పెడుతుందో చూసేది. ప్రతిసారీ అదే కథ. ఒకే రంగువి ఒకదానికొకటి పెట్టుకుని బతికేవి, తోడు లేనివి మాడి చచ్చేవి. పొద్దుటిపూట ఆ చుక్కలు తెరలోంచి దిగొచ్చి, ముగ్గుపిండి తిని, తమవాళ్లనుకున్న మనుషుల చేతులమీద వాలేవి. సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో అందరిమీదా పసుపువే. పనికి అడ్డం రావు కాబట్టి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

శ్రావణంలో ఒకరోజు అంబిక గిన్నె తిరిగివ్వబోతే, ఎప్పుడూ కప్పుంచే చొక్కాచెయ్యి పైకి జరిగి, ఆమె మణికట్టుమీద బూడిదరంగు చుక్కలు కనబడ్డాయి.

"నువ్వు మనోళ్ల పిల్లవి కాదా?" అంది ముసలామె.

"కాదవ్వా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్పుంటే అన్నం పెట్టుండేదానివా?"

జవాబు ఇద్దరికీ తెలుసు, అదే ఏడుపు. వరలక్ష్మీ పూజలోపు గది ఖాళీ చెయ్యమని ముసలామె తలుపేసుకుంది. ఇంకో గది ఎక్కడా దొరకలేదు. అంబిక చదువు సగంలో వదిలేసి ఊరి బస్సెక్కింది.

చుక్కలు మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. నిరుడు సుబ్బలక్ష్మమ్మ మోకాలి ఆపరేషనై మంచంమీదుంటే, కోడలు పుష్పావతి ఫ్యాక్టరీకి పోయేది కాబట్టి, గంజి కాచి తాగించింది అంబికే. ఇప్పుడు ఆ పిల్ల లేకపోయేసరికి బూడిదరంగువి ఆమె చేతి గంజి తాగిన మనిషిని వెతుక్కుంటూ వచ్చాయి. అవి ముసలామె చేతిమీద వాలగానే పసుపువి లేచిపోయాయి. వాటికి కులమేం తెలుసు, పాపం.

ముసలామె సబ్బేసి రుద్దింది, చింతపండేసి రుద్దింది. పోలేదు. భోజనాల దగ్గర కొడుకు అశోక్‌కుమార్ ఆ చెయ్యి చూసి తల వంచుకున్నాడు. ఎవరూ గొడవ చెయ్యలేదు. పుష్పావతి అత్త కంచం పక్కకు తీసి, ఎంతో మర్యాదగా అంది.

"పైగది ఖాళీగానే ఉండాది కదత్తా. గాలి బాగా వస్తాది."

సుబ్బలక్ష్మమ్మ కొడుకువైపు చూసింది. అతను నీళ్లు తాగుతున్నాడు. పక్కకు తీసిన కంచం పట్టుకుని, ఆపరేషనైన మోకాలితోనే పైగది మెట్లెక్కింది.