సోమవారం సెలవు

మిరాన్ బిల్లు కౌంటర్లో పనిచేసే పెద్ద మార్టుకు నగరపాలకుల నియమం ప్రకారం నెలలో రెండు ఆదివారాలు సెలవుండేది. విడాకుల తర్వాత తండ్రి, అతని రెండో భార్య దగ్గర పెరుగుతున్న కూతురు హారిన్ ఆ రెండు రోజులూ తల్లి దగ్గరే ఉండేది. వేసవిలో నగరపాలకులు ఆ సెలవును సోమవారానికి మార్చారు. సోమవారం పిల్లకు బడి.

"ఆదివారం కూడా తెరుస్తున్నారు, ప్రాణం హాయిగా ఉందమ్మా!" అంది ఒక ముసలావిడ, కొన్న ముల్లంగులు సంచిలో వేసుకుంటూ.

'మీకేం, హాయిగానే ఉంటుంది' అన్న మాటను మిరాన్ నాలుక చివర ఆపుకుంది.

ఆవిడ తప్పుకోగానే వెనకాల హారిన్, చేతిలో అరటిపండు పాల సీసాతో. జుట్టు ఎవరో పొట్టిగా కత్తిరించారు.

"అమ్మా!"

"ఒక్కదానివే వచ్చావుటే?"

"లేదు, పిన్ని చేపల దగ్గరుంది."

వెనక నిలబడ్డ సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు. కొనడానికొచ్చిన ప్రతి ఒక్కరినీ అడగవలసిన మాట ఒకటుంది. మిరాన్ అడిగింది.

"పాయింట్ల కోసం మీ ఫోన్ నంబరు చెప్పండి."

ఎక్కడైనా తప్పిపోతే చెప్పమని, తన నంబరును పాటలా కట్టి పిల్లకు నేర్పింది మిరానే. ఏ కొట్లో అడిగినా హారిన్ అదే గడగడా అప్పజెప్పేది. ఇప్పుడూ గడగడా చెప్పింది. తెర మీద, ఆ నంబరు ఎవరిదో చూపించే చోట, పిన్ని పేరు పడింది.

హారిన్ మొహం పాలిపోయింది. "అమ్మా, అదీ... అలవాటైపోయింది."

"పాయింట్లు పడ్డాయండి," అంది మిరాన్, సీసాను రెండు చేతులతో కూతురికి అందిస్తూ. "మళ్ళీ రండి."